చప్పట్లు కొట్టి తీసిన ఫొటో

నేను తీసిన ఫొటోల్లో జనం బాగా మెచ్చుకున్నది ఒకటుంది. సంక్రాంతి నాటి పొగమంచు, కింద చెరువు, పైన ఆకాశం పట్టనన్ని రెక్కలు. ఎర్రకాళ్ల కొంగలు, గూడబాతులు (పెలికాన్లు), నత్తగుల్ల కొంగలు అన్నీ ఒక్కసారిగా గాల్లోకి లేచాయి. ఫేస్‌బుక్కులో పెట్టిన రోజు ఫోను మోగుతూనే ఉంది. ఎప్పుడూ పలకరించని మా పై అధికారి కూడా పిలిచి, ‘ఎక్కడయ్యా ఇది, ఆఫ్రికానా?’ అన్నాడు. గుంటూరు పక్కన ఉప్పలపాడు సార్ అంటే నమ్మలేదు.

రెండేళ్ల తర్వాత ఆ ఫొటోని డిలీట్ చేశాను. ఫేస్‌బుక్కులోంచే కాదు, హార్డ్ డిస్కులోంచి కూడా. ‘పిచ్చా నీకు?’ అని ఇప్పటికీ అడుగుతుంటారు మావాళ్లు. వాళ్లకి టిఫిన్ బల్ల దగ్గర ముక్కలు ముక్కలుగా చెప్పిందే ఇక్కడ వరసగా చెబుతాను.

ముందు మా సంగతి. మేం నలుగురం: లెక్కల మాస్టారు, మందుల షాపు ఆయన, మా బావమరిది, నేను. నలుగురికీ కలిపి మూడు కెమెరాలు, ఒకే ఒక్క పెద్ద లెన్సు. దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపించేది, అది కూడా సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. వంతులేసుకుని వాడతాం. వీలు దొరికిన ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి విజయవాడలో బయల్దేరతాం. ఒకసారి ఉండవల్లి గుహలు, ఒకసారి కొండపల్లి ఖిల్లా, ఒకసారి కొల్లేటి పక్కన ఆటపాక, చలికాలమైతే ఎక్కువగా ఉప్పలపాడు. ఇంట్లో వాళ్లకి మా మీద ఎప్పుడూ అనుమానమే. పాలప్యాకెట్ తెమ్మంటే లేవని మనిషి కొంగల కోసం అలారం పెట్టుకుంటాడా అని.

ఉప్పలపాడులో పక్షుల కోసం అడవిలోకి పోనక్కర్లేదు. ఊరి చెరువే వాటి ఊరు. నీళ్లలో ఉన్న తుమ్మచెట్ల మీద, చెట్లు చాలక పాతిన ఇనప స్టాండ్ల మీద గూళ్లు. అపార్ట్‌మెంటు మాదిరి, ఒక అంతస్తులో గూడబాతులు, ఇంకో అంతస్తులో కొంగలు, సందుల్లో నీటికాకులు. పక్కనే ఇళ్లు, గేదెలు, గడ్డివాములు, రోడ్డు మీద ట్రాక్టర్లు. ఏ హడావుడీ వాటికి పట్టదు.

ఆ రోజు మేం గట్టున కూర్చుని గంట దాటింది. పక్షులు పక్షులు చేసే పనే చేస్తున్నాయి, అంటే కూర్చుని ఉన్నాయి. నాకు ఎగిరే ఫొటో కావాలి. రెక్కల కదలిక చెదరకుండా పడేలా షట్టర్ స్పీడు 1/2000 పెట్టుకున్నాను, బటన్ నొక్కి పట్టుకుంటే వరసగా ఫొటోలు తీసే బరస్ట్ మోడ్ పెట్టుకున్నాను, చెయ్యి నొప్పెడుతోంది. బావమరిదికి ఆకలేస్తోంది. ‘ఒరేయ్, గట్టిగా రెండు చప్పట్లు కొట్టరా’ అన్నాను. వాడు రెండు కాదు, పది కొట్టాడు.

చెరువు చెరువంతా లేచింది. ఆ శబ్దం ఫొటోలో ఉండదు. పెద్ద టార్పాలిన్ పట్టాని ఎవరో ఒక్క గుంజు గుంజినట్టుంటుంది. నేను బటన్ మీద వేలు తియ్యలేదు. నలభై ఫ్రేములో, యాభై ఫ్రేములో. ఆనందంతో ఒళ్లు తెలియలేదు.

వెనక నుంచి ఒక గొంతు వినపడింది. ‘ఏందయ్యా ఆ చప్పట్లు? భజన పెట్టారా?’

గేదెని తోలుకొస్తున్న పెద్దావిడ. మేం నలుగురం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. మాస్టారు ఏదో సర్దిచెప్పబోయారు. ఆవిడ వినలేదు. ‘బాలింతరాళ్లున్న కొంప పక్కన ఇట్టాగేనా చప్పట్లు కొట్టేది? మీ ఇళ్లల్లో ఆడోళ్లు నీళ్లు పోసుకోలేదా, పిల్లల్ని కనలేదా?’ అని, గేదె వీపు మీద ఒక దెబ్బ వేసి (అది మాకు వెయ్యాల్సిన దెబ్బే అనిపించింది) వెళ్లిపోయింది.

కాసేపు తలలు దించుకుని, తర్వాత గుంటూరులో ఇడ్లీ, కారప్పొడి తింటూ ఆవిడ మాటల్ని చెప్పుకుని నవ్వుకున్నాం. అవును, నవ్వుకున్నాం. ఫొటో బాగా వచ్చింది కదా.

రెండేళ్లకి దాన్ని పెద్ద సైజు ప్రింటు వేయించి హాల్లో పెడదామనుకున్నాను. బరస్ట్‌లో ఏ ఫ్రేము షార్ప్‌గా ఉందో చూద్దామని ఒక్కోటీ పెద్దది చేసి చూస్తున్నాను. మొదటి ఫ్రేముల్లో అంతా రెక్కలే. వరసలో ఆఖరివి, ఓ అర నిమిషం తర్వాత తీసినవి, పక్షులు చెదిరిపోయి ఖాళీగా ఉన్నాయి. వాటినెప్పుడూ సరిగా చూడలేదు. ఎడమ పక్క కింద స్టాండు మీద తల్లి లేచిపోయిన గూడు. దాని అంచు మీద కాకి. తర్వాతి ఫ్రేములో కాకి తల గూట్లో ఉంది. ఆ తర్వాతి ఫ్రేములో కాకి లేదు. అది ఏం తీసుకుపోయిందో ఫొటోలో కనపడదు. నాకు కనపడాల్సిన అవసరమూ లేదు.

ఇప్పుడు నా వాదన. గూట్లోంచి లేపి తీసిన ఫొటోకి, ఎంత బాగా వచ్చినా సరే, సున్నా మార్కులే. పక్షుల మీద జాలితో మాత్రమే ఈ మాట అనడం లేదు. ఫొటోగా కూడా అది తక్కువ రకమే.

ఎందుకంటారా? మీ చప్పుడుకి లేచిన పక్షి మీ నుంచి దూరంగా పోతుంది. మరి మీ ఫొటోలో ఏముంటుంది? వీపులు, తోకలు, వేలాడే కాళ్లు. నా ‘ఆఫ్రికా’ ఫొటోలో అన్ని రెక్కలున్నాయి కదా, ఒక్క పక్షి కన్ను కూడా సరిగా కనపడదు. గుంపు కాబట్టి గొప్పగా అనిపించింది. అదే ఒక్క పక్షైతే ఎవరూ రెండోసారి చూడరు. ఇంటికి తిరిగొచ్చే పక్షి అట్లా కాదు. మొహం మన వైపు ఉంటుంది, ముక్కున పుల్ల ఉంటుంది, దిగేముందు రెక్కలు గొడుగులా విచ్చి, కాళ్లు ముందుకు చాచి, విమానంలాగా గాలికి ఎదురొచ్చి వాలుతుంది. ఇది చప్పట్లకి రాదు. దానంతట అదే వస్తుంది, వస్తూనే ఉంటుంది. గూడు కట్టే రోజుల్లో పుల్లల కోసం, పిల్లలు పుట్టాక మేత కోసం తిరుగుతూనే ఉంటాయి. మనం చెయ్యాల్సిందల్లా గాలి మన వీపుకి తగిలేలా, ఎండ మన వెనక ఉండేలా ఒక చోట చూసుకుని కూర్చోవడం. ఏ పక్షైనా గాలికి ఎదురుగానే వాలుతుంది, గాలికి ఎదురుగానే లేస్తుంది కాబట్టి మొహం మన వైపే ఉంటుంది. ఈ ఒక్క ముక్క తెలిశాక మాకు ఎగిరే ఫొటోలకి కొదవ లేదు. తెలుసుకోవడానికి మూడేళ్లు పట్టింది, అది మా తెలివి.

ఇంకో కిటుకు మందుల షాపు ఆయన కనిపెట్టాడు. పక్షి ఎగరబోయే ముందు మెడ చాచి కొంచెం ముందుకు వంగుతుంది, చాలాసార్లు రెట్ట వేసి మరీ లేస్తుంది. బరువు దించుకోవడం అన్నమాట. అందుకని గట్టున మా సంభాషణ ఇట్లా ఉంటుంది: ‘వేసింది, వేసింది, రెడీ!’ పక్కనుంచి వెళ్లేవాళ్లు మమ్మల్ని ఏమనుకుంటారో నాకు తెలీదు.

లేపడం మానేస్తే ఇంకో లాభం ఉంది. కూర్చున్న పక్షి ‘ఏమీ చెయ్యడం లేదు’ అన్న మన భ్రమ పోతుంది. మార్చి నెలలో ఒకరోజు ఎండ బాగా ఎక్కాక, వేడి గాలి వల్ల లెన్సులోంచి అంతా నీళ్లలో చూసినట్టు వణుకుతుంటే, ఇక ఫొటోలు రావని కెమెరాలు సంచిలో పెట్టేశాం. బైనాక్యులర్స్ మాత్రం బయటున్నాయి. ఒక ఎర్రకాళ్ల కొంగ గూటి మీద నిలబడి రెండు రెక్కలూ సగం విప్పి పట్టుకుంది. ఎందుకో అర్థం కాలేదు. రెక్కలు ఆరబెట్టుకుంటోందన్నాడు బావమరిది. కాదు. దాని నీడ సరిగ్గా పిల్లల మీద పడుతోంది. సూర్యుడు జరిగేకొద్దీ అది కూడా గూటి మీద అడుగులో అడుగు వేస్తూ తిరుగుతోంది. కాసేపటికి రెండోది వచ్చి ముక్కుతో తెచ్చిన నీళ్లు పిల్లల మీద పోసింది. స్నానం చేయించినట్టు! మేం గంటసేపు ఆ ఒక్క గూడే చూశాం. ఎవరి దగ్గరా దాని ఫొటో లేదు. అట్లాంటి ఎండలో ఆ తల్లిని పది నిమిషాలు లేపితే పిల్లల గతేంటో ఆ రోజు తెలిసింది. కాకి అక్కర్లేదు, ఎండే చాలు.

దీని మీద మాస్టారికీ నాకూ పెద్ద వాదన నడిచింది. ఆయన పాయింటు తేలికైంది కాదు. ‘రోజూ ట్రాక్టర్లు పోతున్నాయి, దీపావళికి టపాసులు కాలుస్తున్నారు, పెళ్లిళ్లకి డీజేలు పెడుతున్నారు. ఇన్నిటికీ చావని పక్షి నీ బావమరిది చప్పట్లకి చస్తుందా?’ అన్నారు. నేను చెప్పేది ఇది. రోజూ పోయే ట్రాక్టరు పక్షికి తెలుసు, అది ఆగదు. అదే ట్రాక్టరు ఆగి, అందులోంచి మనిషి దిగి, తన వైపే చూస్తూ రెండడుగులు వేస్తే అప్పుడు మెడ ఎత్తుతుంది. పక్షికి శబ్దం కన్నా మన ఉద్దేశం ముందు తెలుస్తుంది. అందుకే కారులోంచి దిగకుండా కిటికీ అద్దం దించి తీస్తే ఎంత దగ్గరికైనా రానిస్తుంది. డోర్ తీశామా, అయిపోయింది. ఇది మాస్టారే తర్వాత కొల్లేటి గట్టు మీద స్వయంగా రుజువు చేశారు, ఒక గూడబాతు సాక్షిగా. ఒప్పుకోవడం మాత్రం ఒప్పుకోలేదు. లెక్కల మాస్టారు కదా.

చట్టం కూడా ఆ పెద్దావిడ పక్షమే. వేట అంటే మనకి తుపాకి, వల, ఉచ్చు గుర్తొస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ‘వేట’ అనే మాటకిచ్చిన నిర్వచనంలో వన్యప్రాణుల్ని తరమడం, ఎర వెయ్యడం కూడా ఉన్నాయి. పక్షుల సంగతికొస్తే గుడ్లు పాడుచెయ్యడమే కాదు, గుడ్లనీ గూళ్లనీ అలజడి పెట్టడం కూడా అందులోకే వస్తుంది. ప్రొఫైల్‌లో ‘వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్’ అని రాసుకుని నేను చేసిన పనికి చట్టంలో ఉన్న పేరు వేట. ఆ రాత ఇప్పుడు లేదులెండి.

ఇంకోటి. ఈ పక్షులు ఎప్పటికీ ఇక్కడే ఉంటాయన్న ధీమా మనకి ఎక్కడిదో నాకు అర్థం కాదు. పొలానికి నీళ్లు తోడే గూడలాంటి సంచి ముక్కు కింద వేలాడుతుంది కాబట్టి గూడబాతు అన్నారేమో మనవాళ్లు. పేరు వింటేనే ఇది మన పొలాల పక్క పిట్ట అని తెలుస్తుంది. 1946లో కె.కె. నీలకంఠన్ అనే కేరళ పక్షి పరిశీలకుడు పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో వీటి పెద్ద కాలనీని గుర్తించాడు. పక్షుల గురించి చదివేవాళ్లకి ఆరేడు చాలా పెద్ద పేరు. ఇవాళ భీమవరం వైపు వెళ్లి ‘గూడబాతుల ఆరేడు ఎటు?’ అని అడిగితే మిమ్మల్ని వింతగా చూస్తారు. ఆ కాలనీ మిగల్లేదు. కొల్లేరుని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో సరస్సుని ఆక్రమించిన చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఇంత జరిగినా ఆటపాకలో ఇవాళ గూడబాతులు కూర్చునేది ఎక్కువగా మనిషి పాతిన ఇనప స్టాండ్ల మీదే. చెట్టు పోతే స్టాండు వేశాం, బాగానే ఉంది. స్టాండు దగ్గర కూడా బతకనివ్వకపోతే ఇక వెయ్యడానికేముంది?

స్నేహితులతో వెళ్లడంలో ఉన్న ప్రమాదం ఇక్కడే చెప్పాలి. ఒక్కణ్ణే వెళ్లి ఉంటే నేను చప్పట్లు కొట్టేవాణ్ణి కాదు, సిగ్గేసేది. నలుగురుంటే సిగ్గు నాలుగు భాగాలవుతుంది. పైగా పోటీ. గట్టున కూర్చున్నప్పుడు ‘నీకు దొరికిందా?’ అన్న మాట పది నిమిషాలకొకసారి వినపడుతుంది. టిఫిన్ దగ్గర కెమెరా స్క్రీన్లు బల్ల మీద పెట్టి చూసుకోవడం, సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో ఎవరి ఫొటో ముందు పడుతుందో అన్న టెన్షన్. ఖాళీ చేతుల్తో వెళ్లడం నామోషీ అయిపోతుంది. చెయ్యకూడని పనులన్నీ ఆ నామోషీలోంచే వస్తాయి.

గ్రూపు వల్ల మేం చేసిన ఇంకో వెధవ పని: ఒక కొండ దగ్గర రాతి అరుగు మీద కొమ్ము గుడ్లగూబ పిల్లలతో కనపడింది. దూరం నుంచే తీశాం, చప్పుడు చెయ్యలేదు, బుద్ధిగానే ఉన్నాం. కానీ మా వాళ్లలో ఒకరు గర్వంగా లొకేషన్‌తో సహా ఫొటో పెట్టారు. రెండో వారం వెళితే అక్కడ నాలుగు కార్లు, ఒక డ్రోను. మూడో వారం గుడ్లగూబ లేదు. దీపావళి ముందు క్షుద్రపూజల పేరుతో గుడ్లగూబల్ని పట్టి అమ్మేవాళ్లున్న దేశంలో మనం దాని ఇంటి అడ్రసు బోర్డు మీద రాసి పెట్టాం. ఆ కొండ పేరు ఇక్కడ అందుకే రాయడం లేదు. అడిగినా చెప్పను.

మనుషుల దగ్గర మేం బాగుపడ్డామా అంటే అదీ లేదు. ప్రకాశం బ్యారేజీ దిగువన ఒక తాత పుట్టిలో నిలబడి విసురు వల వేస్తున్నాడు. పొద్దుటెండ వల మీద పడి, విచ్చుకున్నప్పుడు బంగారు గొడుగులా ఉంది. మొదటిసారి నా ఫోకస్ తప్పింది. ‘తాతా, ఇంకొక్కసారి వెయ్యవా’ అన్నాను. వేశాడు. మాస్టారికి సరిగా రాలేదు. ‘ఇంకొక్కసారి తాతా, కాస్త ఇటు తిరిగి.’ వేశాడు. ఐదుసార్లు వేయించాం. తడిసిన వల ఎంత బరువుంటుందో ఒకసారి ఎత్తి చూస్తే కానీ తెలీదు. ఆఖర్న ఒడ్డుకొచ్చి ‘ఏది, చూపియ్యండి’ అన్నాడు. స్క్రీను మీద చూసి, ‘బాగానే పడ్డాను. చేపలే పడలా’ అన్నాడు. డబ్బులివ్వబోతే వద్దన్నాడు, ఫొటో ఇమ్మన్నాడు. ఇస్తామన్నాం. ఇవ్వడానికి ఏడు నెలలు పట్టింది. అదీ బావమరిది పోరు పెడితే. ఆ ఏడు నెలల్లో ఆ ఫొటోకి రెండు లోకల్ పోటీల్లో సర్టిఫికెట్లు వచ్చాయి.

పాత కట్టడాల దగ్గర ఈ బాధ లేదు. ఉండవల్లిలో అనంతశయనుడు ఐదు మీటర్ల పైన పొడుగున, వందల ఏళ్లుగా కదలకుండా పడుకుని ఉన్నాడు. చప్పట్లు కొట్టినా లేవడు. చీకట్లో ఐఎస్ఓ (తక్కువ వెలుతుర్లో ఫొటో పడేలా చేసే సెట్టింగు) పెంచుకుని, స్తంభానికి ఆనుకుని ఊపిరి బిగబట్టి తీసుకోవచ్చు. ఎదుటివాడు లేచిపోడన్న ధైర్యం ఉన్నప్పుడు మనం ఎంత నెమ్మదస్తులమో అక్కడ మమ్మల్ని మేం చూసుకుంటే నవ్వొస్తుంది.

మాస్టారి ఆఖరి వాదన ఒకటి మిగిలింది, దాన్ని నేను పూర్తిగా కొట్టిపారెయ్యలేను. ‘నీ ఆఫ్రికా ఫొటో చూసే కదా మీ ఆఫీసు వాళ్లు ఉప్పలపాడు వెళ్లారు? పిల్లల్ని తీసుకెళ్లారు? ఫొటో లేకపోతే ఈ పక్షుల్ని ఎవరు పట్టించుకుంటారు?’ అంటారు. నిజమే, వెళ్లారు. కానీ వెళ్లి ఏం చేశారో మా కొలీగే చెప్పాడు. పిల్లలు ‘ఎగరట్లేదేంటి నాన్నా?’ అని అడిగారట. ఫొటోలో అన్నీ గాల్లోనే ఉన్నాయి మరి. ‘తర్వాత?’ అని అడిగాను. తను చెప్పలేదు, నవ్వాడు. నా ఫొటో వాళ్లకి నేర్పింది అదే. పుల్ల తెచ్చే కొంగ, నీడ పట్టే కొంగ ఫొటో చూసి వెళ్లిన పిల్లాడు వాటినే వెతుక్కుంటాడు.

ఇప్పుడు మాకు ఒకటే రూలు. మన వల్ల పక్షి లేచిందా, ఆ రోజు టిఫిన్ ఖర్చంతా లేపినవాడిది, వాడి ఆ రోజు ఫొటోలేవీ గ్రూపులో పెట్టకూడదు. మొదట్లో నెలకొకసారి డబ్బులు కక్కేవాళ్లం. ఈమధ్య ఏడాదిగా మాస్టారు ఒక్కరే కట్టారు, అదీ తుమ్మినందుకు. తుమ్ము లెక్కలోకి రాదని ఆయన ఇంకా వాదిస్తున్నారు.

మొన్న సంక్రాంతికి మళ్లీ ఉప్పలపాడు వెళ్లాం. గట్టు మీద అదే పెద్దావిడ. ఆవిడ మమ్మల్ని గుర్తుపట్టలేదు, మేం గుర్తుపట్టాం, చేతులు జేబుల్లో పెట్టుకున్నాం. ఆవిడే దగ్గరికొచ్చి ‘ఏం పడ్డయ్యి బాబూ, చూపియ్యి’ అంది. అప్పుడే తీసిన ఫొటో చూపించాను. ఎర్రకాళ్ల కొంగ, సూటిగా మా వైపే వస్తోంది, ముక్కున ఆకులతో ఉన్న పచ్చి వేపరెమ్మ. ఆవిడ కళ్లు చికిలించి స్క్రీనుని ఎండకి ఇటూ అటూ తిప్పింది. కొంగని కాదు, రెమ్మని చూస్తోంది.

‘మా దొడ్లో వేపదే ఇది,’ అంది. ‘రోజూ విరుచుకుపోతయ్యి.’